పదిహేడు స్క్రోళ్ళ కింద అ

పదకొండూ నాలుగు. పన్నెండు కాగానే మార్కుల లింకు మూసుకుపోతుంది, అప్పటికి నేను వేసిన నలభై ఆరు నలభై ఆరుగానే ఉండాలి, ఉంటుంది, మార్చను, మార్చనని పొద్దున్నే బ్రహ్మయ్యగారికి ఫోన్లో చెప్పేశాను కూడా, మరి నాకు నేనే మళ్ళీ మళ్ళీ ఎందుకు చెప్పుకుంటున్నానో, కారు ఆపి, ఇంజను ఆపకుండా, పార్కింగు మీద కప్పిన సోలార్ పలకల నీడలో, స్టీరింగు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటోంది, మే మొదటి శనివారానికే ఈ ఎడారి ఊరు చాండ్లర్ ఇలా ఉడుకుతోంది. ఎదురుగా బడి. బడి అంటే మాది కాదు, శనివారాలు అద్దెకి తీసుకున్న ఎవరిదో బడి, అందులో మూడు గంటలు మన తెలుగు బడి. ఈ ఏడు టీచర్లూ వలంటీర్లూ తలా ఒక వెబ్‌సైట్ చెయ్యండి, పిల్లలు ఇంటి దగ్గర చూసి దిద్దుకుంటారు, గెలిచిన సైటు వచ్చే ఏడాది అందరికీ, గెలిచినవాళ్ళకి ఒక క్లాసు అన్నారు. తొమ్మిది వచ్చాయి. జడ్జీలం ఐదుగురం. నలుగురు తెలుగు అసోసియేషన్ కమిటీవాళ్ళు, ఐదోదాన్ని నేను, జ్ఞానప్రసూనని, సైట్లలో తప్పులు పట్టడమే నా ఉద్యోగం కాబట్టి పిలిచారు, తప్పులు పట్టమని పిలిచి ఇప్పుడు తప్పెందుకు పట్టావంటున్నారు.

కనకదుర్గ టీచరుగారి సైటుకి ఆ నలుగురూ వేసినవి తొంభై రెండు, తొంభై నాలుగు, తొంభై ఐదు, తొంభై ఐదు. నాది నలభై ఆరు. అందరికీ కనిపించే పట్టికలో నా అంకె ఒక్కటే ఎర్రగా, దెబ్బ తగిలిన గోరులా. ఆవిడ ఇప్పుడు లోపల స్నాక్స్ గదిలో ఉన్నారు, పదకొండుంబావుకి గంట కొడితే డెబ్బై మంది పిల్లలకి జ్యూస్ డబ్బాలూ గారెలూ అందిస్తారు, ముప్ఫై నాలుగేళ్ళు తెనాలి దగ్గర జిల్లా పరిషత్ బడిలో చెప్పిన మనిషిని ఇక్కడ స్నాక్స్ ఆంటీ అంటారు, క్లాసు ఇవ్వండని రెండేళ్ళుగా అడుగుతున్నారు, చూద్దామండీ అంటారు, చూడరు. స్నాక్స్ అయ్యాక కారు దగ్గరికి రండి టీచరుగారూ, మాట్లాడాలి, అని మెసేజ్ పెట్టాను. బొటనవేలు బొమ్మ, దండం బొమ్మ, తామరపువ్వు బొమ్మ తిరిగొచ్చాయి. ఆ తామరపువ్వుని ఇప్పటికి నాలుగుసార్లు తెరిచి చూశాను.

నా పద్ధతి ఒకటే. ఆఫీసులోనూ అదే. ఫోను అవతలివాళ్ళ చేతికిచ్చి పక్కన కూర్చుంటాను, ఫలానాది వెతకండి అంటాను, అంతే, ఇక నోరు మెదపను, చెయ్యి చాపను, చాపుతానేమోనని రెండు చేతులూ తొడల కింద పెట్టుకు కూర్చుంటాను, నా కొలీగ్ ఇషా నవ్వుతుంది, ప్రసూనా, యూ లుక్ లైక్ ఎ హెన్, అంటుంది, గుడ్ల మీద కోడిలాగే ఉంటానేమో, ఉండనీ, పక్కవాడు చెయ్యి పెడితే తప్ప దారి దొరకని సైటు సైటు కాదు. టీచరుగారి సైటునీ అలాగే చూశాను. నిన్న పొద్దున ఎండలో నిలబడి, ఫోను పట్టుకుని, పాఠం ఒకటి తెరిచి, అ ఎక్కడుందో వెతికాను. మొదట స్వాగతం, ఎడమనుంచి కుడికి నడిచే అక్షరాల్లో. ఒక స్క్రోలు. తర్వాత అసోసియేషన్ అధ్యక్షులు బ్రహ్మయ్యగారి ఫోటో, సూటు, ఆయన సందేశం, మూడు స్క్రోళ్ళు. తర్వాత కమిటీ పదకొండు మంది, ఒక్కొక్కరి ఫోటో, పేరు, ఊరు, హోదా. తర్వాత సహకరించినవారికి ధన్యవాదాలు. తర్వాత తల్లిదండ్రులకి విన్నపం. తర్వాత దీపం బొమ్మ, నిజంగా వెలుగుతున్నట్టు ఊగుతుంది. పదిహేడో స్క్రోలు దగ్గర అ. మన సభే అది, అచ్చం మన సభ, జ్యోతి ప్రజ్వలన, అతిథుల్ని వేదిక మీదికి పిలవడం, పుష్పగుచ్ఛాలు, అసలు చెప్పాల్సినాయన మైకు ముందుకొచ్చేసరికి జనం భోజనాల లైన్లో ఉంటారు. ఇరవై నాలుగు పాఠాలు, ఇరవై నాలుగు సభలు. అక్షరాలన్నీ పసుపు, తెల్లటి దాని మీద పసుపు, శుభమని పెట్టారట, ఎండలో ఫోను పెడితే పేజీ ఖాళీగా కనిపిస్తుంది. ఏడేళ్ళ పిల్ల పదిహేడుసార్లు వేలు తోస్తుందా? ఐదోసారికి వేరే బొమ్మలోకి వెళ్ళిపోతుంది. స్పష్టతకి నలభైకి పది. డిజైనుకి నలభైకి పదహారు. పాఠానికి ఇరవైకి ఇరవై.

ఇరవైకి ఇరవై, అదీ నా బాధ. ఆ పదిహేడు దాటాక ఒక చిన్న వీడియో ఉంటుంది, ఆవిడ చెయ్యి ఒక్కటే కనిపిస్తుంది, గాజు, సుద్దముక్క, నల్లపలక. ఇక్కడ మొదలుపెట్టు. ఊఁ, ఆగు. ఊపిరి తీసుకో. ఇప్పుడు పొట్ట తిప్పు, తొందరేం లేదు, అక్షరం ఎక్కడికీ పారిపోదు. నాకు నలభై నాలుగేళ్ళు, ఆ వీడియో చూసి వేలితో నా చీర కుచ్చెళ్ళ మీద అ రాసుకున్నాను. నా చిన్నప్పుడు ఇలా చెప్పినవాళ్ళుంటే ఇంటర్ తప్పేదాన్నే కాదు. బంగారం అది, బంగారాన్ని పదిహేడు గోనెసంచుల కింద దాచి పిల్లల్ని తవ్వుకోమంటే ఎలా?

పబ్లిక్ లైబ్రరీలో కలిశాం మేమిద్దరం, పోయిన సెప్టెంబరు, కంప్యూటర్ల వరస చివర. ఆవిడ కూతురు శ్రీవిద్య ఆఫీసుకి వెళ్తూ దింపి వెళ్తుంది, ఈవిడ రెండు గంటలు అక్కడ. అట్ట వేసిన నోట్‌బుక్కు, అట్ట మీద లేబులు, పేరు, సబ్జెక్టు: వెబ్‌సైటు. ప్రతి స్టెప్పూ రాసుకునేవారు, కుడివైపు పైన మూడు గీతలు, నొక్కవలెను. నేను చెప్పింది మర్నాడు నాకే అప్పజెప్పేవారు. ఒకరోజు అడిగాను, టీచరుగారూ, మీరు మార్కులు ఎలా వేసేవారు? ఎలా ఏంటమ్మాయ్, ఎన్నొస్తే అన్ని, ఎంఈవోగారి మేనల్లుడికి లెక్కల్లో పదకొండు వేశాను, కారేసుకొచ్చాడు మా ఇంటికి, ముప్ఫై ఐదు చేసి పాస్ చెయ్యమన్నాడు, వాడికి భాగహారం రాదండీ, రేపు కొట్టు పెట్టుకుంటే మీరొచ్చి పక్కన కూర్చుంటారా అన్నాను, పంపించేశాను. ఏమైంది తర్వాత? ఏమవుద్ది, ట్రాన్స్‌ఫర్ అయింది, బస్సు దిగి రెండు కిలోమీటర్లు నడక. నవ్వారు. లైబ్రరీలో అందరూ తలెత్తి చూశారు.

నాకు జాలి మార్కులు వేశారు ఒకప్పుడు. భర్త ఉద్యోగం వెనక వచ్చే హెచ్‌ఫోర్ వీసా మీద ఎనిమిదేళ్ళు పని చెయ్యకూడదన్నారు, ఆ ఎనిమిదేళ్ళూ అదే లైబ్రరీలో ఎవరూ చెప్పకుండా నేర్చుకున్నాను, పని పర్మిట్ వచ్చిన నెలలో నేను చేసిన మొదటి సైటుని, సైట్లు చేసేవాళ్ళ మీటప్ ఒకదానిలో చూపించాను. గ్రేట్ జాబ్, ఆసమ్, సో ప్రౌడ్ ఆఫ్ యూ. ఇరవై మంది చప్పట్లు. ఇంటికొచ్చి ఏడ్చాను సంతోషంతో, మూర్ఖురాలిని. ఆ సైటునే ఉద్యోగం కోసం అరవై చోట్లకి పంపాను, ఆరు నెలలు, ఒక్కరూ పిలవలేదు. ఆ అరవైలో ఒక చోట పనిచేసే ఇషా, అప్పటికి ముక్కూమొహం తెలియని మనిషి, ఒక్క వాక్యం రాసి పంపింది, నీ మెనూ ఫోన్లో తెరుచుకోదు. అంతే. హాయ్ లేదు, బై లేదు. కోపంతో ఆ మెయిలు మూసేశాను, తర్వాత ఫోనులో నొక్కి చూశాను, తెరుచుకోలేదు. ఇరవై మందికీ తెలుసన్నమాట. చీరకట్టు, నా ఇంగ్లీషు, నా వయసు చూసి, పాపం, ఈవిడకి ఇదే ఎక్కువ అనుకున్నారన్నమాట. ఆ చప్పట్లు ఇప్పటికీ చెవిలో మోగితే ఒళ్ళు మండుతుంది. తిట్టినవాడు నన్ను మనిషి కింద లెక్కేశాడు, చప్పట్లు కొట్టినవాడు వెయ్యలేదు.

పదకొండూ పంతొమ్మిది. తలుపు తెరుచుకుంది, ఎవరో నాన్న, డోనట్ డబ్బాతో లోపలికి పోయాడు. బ్రహ్మయ్యగారి గొంతు ఇంకా ఫోనులోంచి వస్తున్నట్టే ఉంది, మెత్తగా, నెయ్యి వేసినట్టు. ప్రసూనగారూ, మన అసోసియేషన్‌లో పదకొండేళ్ళుగా అన్నీ ఏకగ్రీవమే కదండీ, మీ ఒక్క నంబరే అడ్డం పడింది, ఒక నైంటీ చేసేయండి, అయిపోద్ది. ఎందుకు చెయ్యాలండీ? పెద్దావిడ అండీ, ఎంకరేజ్‌మెంట్, సిక్స్‌టీ ఎయిట్ ఇయర్స్ ఏజ్‌లో వెబ్‌సైట్ అంటే మాటలా, న్యూస్‌లెటర్‌లో ఫోటో పడితే ఎంత బావుంటది, శాలువా కూడా వచ్చేసింది, షీల్డు మీద పేరు చెక్కించేశాం. మార్కులు పడకముందే చెక్కించారా? నవ్వాడాయన. మనోళ్ళే కదండీ అన్నాడు. సరే, గెలిస్తే ఆవిడకి క్లాసిస్తారా, రూల్ అదే కదా?  క్లాసంటే... పిల్లలకి ఇంగ్లీష్‌లో ఎక్స్‌ప్లెయిన్ చెయ్యాలి కదండీ, ఆవిడకి కష్టం, సైట్ కూడా ప్రాక్టికల్‌గా మన తేజేశ్వర్‌ది వాడేద్దాం, అది రెడీగా ఉంది, ఆవిడకి హానర్ హానరే, మనకి పని పనే.   అంటే శాలువా కప్పి, ఫోటో తీసి, అదే శాలువాతో మళ్ళీ గారెల ట్రే దగ్గరికి పంపిస్తారు. నలభై ఆరండీ, అన్నాను, పెట్టేశాను.

తేజేశ్వర్‌ది డెబ్బై ఒకటి. వేశాను, పళ్ళు నూరుకుంటూ వేశాను. కంప్యూటరు చిప్‌ల కంపెనీలో మేనేజరు, సైటుకి లాగిన్, డాష్‌బోర్డు, పిల్లకి ఒక బొమ్మ మొహం, నక్షత్రాలు, చూడగానే ఒళ్ళు మండింది, ఆ నునుపు నాకు పడదు, కానీ రెండు నొక్కుల్లో అ వచ్చింది, నల్లగా, పెద్దగా వచ్చింది. వచ్చినదాన్ని రాలేదంటానా? ఆ అ ని పలికేది మాత్రం యంత్రం, డబ్బాలో రాయి వేసి ఊపినట్టు. పాఠానికి ఇరవైకి ఆరు. దారి బాగుంది, ఇంట్లో మనిషి లేడు. ఈవిడ ఇంట్లో మనిషి ఉంది, దారి లేదు. దారి వెయ్యడం నేర్చుకోవచ్చు. మనిషిని ఎక్కడ తెస్తావు తేజేశ్వరూ.

కానీ ఇంకొకటుంది, ఇందాకటినుంచీ దాని చుట్టూ తిరుగుతున్నాను, దాని మీదికి వెళ్ళడంలేదు. ఆ పదిహేడు స్క్రోళ్ళలో స్వాగతానికి ముందే, అన్నిటికన్నా పైన, ఒక ఫోటో ఉంది. నాది. వాట్సాప్‌లోంచి తీసుకున్నారు, గ్రాండ్ కేన్యన్ దగ్గర కళ్ళద్దాలతో, గాలికి జుట్టు లేచిపోయి, కింద పసుపు అక్షరాల్లో, నా గురువు శ్రీమతి జ్ఞానప్రసూన. ఇరవై నాలుగు పేజీల్లోనూ. ఆవిడ ఫోటో మాత్రం ఎక్కడా లేదు, వెతికాను. మా అమ్మ కూడా ఎప్పుడూ నా ఫోటో గోడకి పెట్టలేదు, పరీక్ష తప్పినదాని ఫోటో ఎవరు పెడతారు? మొదటిసారి చూసినప్పుడు ఫోను మూసేసి వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తాగాను. తర్వాత వచ్చి దానికీ రెండు మార్కులు తీసేశాను. ఆ నలుగురూ వాళ్ళ మొహాలు చూసుకుని తొంభైలు వేశారని ఎగతాళి చేస్తున్నానే, నా మొహం అన్నిటికన్నా పైన ఉందే, ఒక మొత్తం స్క్రోలు నేనే అడ్డం నిలబడ్డానే. ఇప్పుడు ఆ మనిషి ఎండలో నడిచొస్తుంది, తామరపువ్వు పంపిన మనిషి, ఆవిడకి చెప్పాలి. చెప్పకుండా పట్టికలో అంకె వేసి పోవడం తేలిక. ఎదురుగా చెప్పకపోతే నేనూ ఆ ఇరవై మందిలో ఒకదాన్నే.

పదకొండూ ముప్ఫై మూడు. వస్తున్నారు. తెల్ల చీర మీద నీలం చుక్కలు, కింద స్నీకర్లు, తల మీద కొంగు, చేతిలో పేపరు నాప్‌కిన్‌లో చుట్టిన రెండు గారెలు. త్వరగా ముగించుకొచ్చారు. తలుపు తీసి కూర్చోగానే కారంతా అల్లం వాసన.

"తిను. వేడి తగ్గిపోయింది. ఏంటే, మొహం అలా పెట్టావు?"

"మీ సైటుకి నలభై ఆరు వేశాను టీచరుగారూ."

గారెలున్న చెయ్యి గాల్లో ఆగింది. 

"వందకా?"

"వందకే."

"మిగతావాళ్ళు తొంభై పైన వేశారంట."

"వేశారు."

చెయ్యి కొంగుకి తుడుచుకున్నారు, ఒక్కో వేలూ, నెమ్మదిగా. కళ్ళు కిటికీ బయట. ఇప్పుడు దిగి వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళిపోతే వెనక పరిగెత్తకూడదు, సారీ అనకూడదు, అనుకున్నాను.

"పేపరు చూపించు," అన్నారు. "మార్కులు కోసినవాళ్ళు పేపరు చూపించాలి. ఎక్కడ కోశావు?"

ఆవిడ ఫోనే తియ్యమన్నాను. "పాఠం ఒకటి తెరవండి. అ ఎక్కడుందో నాకు చూపించండి." చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాను. తెరిచారు. నేను, కేన్యన్, జుట్టు. తోశారు. స్వాగతం. తోశారు. బ్రహ్మయ్యగారు, సూటు. ఏడోసారికి వేలు నెమ్మదించింది. పదకొండోసారికి నావైపు ఓరగా చూశారు, నేను చూడలేదు. సోలార్ పలకల సందులోంచి ఒక ఎండ చార ఫోను మీద పడింది, పసుపు అక్షరాలు మాయమైపోయాయి, ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని కళ్ళు చికిలించారు. పదిహేడు.

"వెనక బెంచీకి కనపడటంలేదన్నమాట," అన్నారు.

"లేదండీ."

"నల్లబల్ల మీద తెల్ల సుద్దతో జీవితమంతా రాశాను. తెల్ల దాని మీద పసుపు ఎందుకు రాశానే నేను?" ఫోను ఒళ్ళోకి దించి, "ఇది పాఠం కాదమ్మాయ్. సభ పెట్టాను. ఈ మాట వాళ్ళు నలుగురూ చెప్పరేం?"

"వాళ్ళ ఫోటోల దగ్గరే ఆగిపోయారు."

పకపకా నవ్వారు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు, ఏది నవ్వో ఏది కాదో తెలియలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను ఇక, గెలిచినా క్లాసు ఇవ్వరట, సైటు కూడా తేజేశ్వర్‌దే వాడతారట.

"నాకు తెలియదనుకున్నావా? శాలువా డబ్బా నా స్నాక్స్ గదిలోనే దాచారు, పేపరు ప్లేట్ల కింద. షీల్డు కూడా చూశాను, కనకదుర్గాంబ అని చెక్కించారు, నా పేరులో అంబ లేదు." గారె తుంచి నా నోట్లో పెట్టారు, నా చేతులు ఇంకా తొడల కిందే ఉన్నాయి. "తీసుకుందామనే అనుకున్నానే. ఈ వయసులో ఒక శాలువా వస్తే ఏం పోయింది అనుకున్నాను. ఎన్నింటిదాకా ఉంది టైము?"

"పన్నెండు."

"అందాకా దిద్దుకోవచ్చా?"

"సైటు మీది. ఎప్పుడైనా దిద్దుకోవచ్చు. నేను మార్కులు మార్చాలంటే మాత్రం పన్నెండు లోపు."

సంచిలోంచి నోట్‌బుక్కు తీశారు. పదకొండూ నలభై ఒకటి. పాస్‌వర్డ్ చివరి పేజీలో ఉంది, కొట్టారు, తప్పు, మళ్ళీ కొట్టారు, తప్పు, నా వేళ్ళు తొడల కింద గిలగిల్లాడుతున్నాయి, కేపిటల్ అక్షరం టీచరుగారూ అని నోటిదాకా వచ్చింది, నోరు మూసుకున్నాను, మూడోసారి తెరుచుకుంది. ఎక్కడ నొక్కాలే? మీ నోట్‌బుక్కులో ఉంది. పేజీలు తిప్పారు, పెదాలతో చదువుకున్నారు, బొమ్మ మీద వేలు నొక్కి ఉంచవలెను, చెత్తబుట్ట వచ్చును. నొక్కి ఉంచారు. చెత్తబుట్ట వచ్చింది. నిజంగా తీసేయాలా అని అడిగింది ఫోను. ఆవిడ నావైపు తిరిగి, నా మొహాన్ని ఒకసారి నిదానంగా చూసి, ఫోటోలో ఉన్న నన్ను తీసేశారు. ఏదో గుచ్చుకుంది లోపల, అబద్ధం ఎందుకు, గుచ్చుకుంది, ఆ వెంటనే ఛాతీ మీదనుంచి బండ దించినట్టయింది. తర్వాత స్వాగతం, బ్రహ్మయ్యగారు, సూటు. తర్వాత పదకొండు మంది, ఒక్కొక్కరూ, అసోసియేట్ ట్రెజరర్‌తో సహా. తర్వాత ధన్యవాదాలు, విన్నపం. దీపం దగ్గర వేలు కాస్త తడబడింది, దణ్ణం పెట్టుకుని తీసేశారు. అక్షరాలు నలుపు చెయ్యడానికి ఆరు నిమిషాలు పట్టింది.

పదకొండూ యాభై ఆరుకి నా ఫోనులో తెరిచాను. అ. నల్లగా, నిండుగా, పైనే. కింద ఆవిడ చెయ్యి, గాజు, సుద్దముక్క. ఒక్క స్క్రోలూ అక్కర్లేదు. పట్టిక తెరిచి, నలభై ఆరు కొట్టేసి నలభై తొమ్మిది వేశాను.

"మూడేనా?"

"ఇరవై నాలుగు పేజీల్లో ఒక్కటే చేశారు. ఒకదానికి మూడు కూడా ఎక్కువే."

"ఊఁ," అన్నారు, చాలా తృప్తిగా, లెక్క సరిపోయినట్టు. "మిగతా ఇరవై మూడూ చేసి తెస్తాను. మళ్ళీ దిద్దాలి నువ్వు. వచ్చే శనివారం."

"దిద్దుతాను."

అద్దం మీద టకటక. బ్రహ్మయ్యగారు, ఎండకి మొహం కందిపోయి, చేతిలో ఫోను, ఫోనులో పట్టిక. అద్దం దించాను, వేడి లోపలికి దూకింది. "ప్రసూనగారూ, ఫార్టీ నైన్ ఏంటండీ, టూ మినిట్స్ ఉంది, ప్లీజ్! ఏకగ్రీవం కాకపోతే జనరల్ బాడీలో ఓటింగ్ పెట్టాలి, పదకొండేళ్ళలో ఎప్పుడూ పెట్టలేదు. అమ్మా, మీరైనా చెప్పండి ఈవిడకి."

టీచరుగారు నా మీదుగా కిటికీ వైపు వంగారు.

"మీ ఫోటో తీసేశాను బ్రహ్మయ్యగారూ. పిల్లలకి అడ్డంగా ఉంది." ఆయన తన ఫోనులో సైటు తెరవబోయాడు. "ఓటింగ్ పెట్టండి. అక్కడే నా క్లాసు సంగతి అడుగుతాను, అందరి ముందూ, తెలుగులోనే. ఎండలో ఎందుకు నిలబడతారు, లోపలికెళ్ళండి, గారెలు మిగిలాయి."

పన్నెండు. లింకు మూసుకుంది. బ్రహ్మయ్యగారు ఇంకా ఏదో అంటున్నారు, ఓటింగని, న్యూస్‌లెటరని, అద్దం నెమ్మదిగా పైకి లేస్తుంటే ఆ మాటలు సన్నబడుతున్నాయి. పక్కన టీచరుగారు పాఠం రెండు తెరిచారు. మళ్ళీ నేను, కేన్యన్, కళ్ళద్దాలు, లేచిపోయిన జుట్టు. చేతులు తొడల కింద పెట్టుకున్నాను. ఈసారి నోట్‌బుక్కు తెరవలేదు, ఎక్కడ నొక్కాలని అడగలేదు, నా మొహం మీద వేలు పెట్టి, అలాగే నొక్కి ఉంచారు.